గొడుగు ఊచల పాయింటు

"చేత్తో చేసుకుంటే ఎంతవుతాదో లెక్కేసాను అమ్మమ్మా. కొనుక్కోడమే చీప్," అన్నాడు మా మనవడు, గచ్చు మీద బోర్లా పడుకుని.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సీతమ్మధారలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మీసాలొచ్చాయి గాని బొమ్మరైళ్ల పిచ్చి పోలేదు. బొటనవేలి వెడల్పు పట్టాలు, అరచేతిలో ఇమిడే ఇంజను, వేలెడేసి వ్యాగన్లు. ఆ రోజే వాడికి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో కొత్త పాయింటు. రైలు ఉన్న దారి వదిలి పక్క దారిలోకి మళ్లే చోటుని పాయింటు అంటారు. కొందరు దీన్ని ఇంట్లో చేత్తోనే చేసుకుంటారట, ఫోనులో చూపించాడు. పట్టా, టంకం, ఆకురాళ్లు, పాడుచేసి పారేసిన ముక్కలు, రోజుల తరబడి వంగి కూర్చోవడం, అన్నీ కలిపితే కొన్నదానికి మూడింతలు తేలిందట వాడి లెక్కలో.

"బుర్ర లేనోళ్లు చేస్తారు అమ్మమ్మా అలాంటివి," అని నవ్వాడు.

"మా నాన్న చేశాడు," అన్నాను.

నవ్వు ఆపి లేచి కూర్చున్నాడు. "ముత్తాతా? నిజంగానా? ఎంతయింది?"

అక్కడ జవాబు చెప్పలేదు. మల్కాపురం తిరిగొచ్చి, రేకు పెట్టె అడుగున పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉంచిన ఆ పాయింటుని తీసి బల్ల మీద పెట్టుకున్నాను. జానెడు పొడుగు. ఏటా మంచి శుక్రవారానికి ముందు రోజు కుట్టుమిషను నూనె రాస్తాను గనక తుప్పు పట్టలేదు. వాడు అడిగినదానికి సమాధానం ఇది. పొడుగైనా సరే, పూర్తిగా చెబుతాను. ఖరీదు తెలియకుండా చవక మాట ఎత్తకూడదు.

నా చిన్నప్పుడు మల్కాపురంలో ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. రేవు వైపు నుంచి ఎర్రటి ఖనిజం దుమ్ము వచ్చేది. దాని వెనకే చమురు వాసన, దాని వెనక ఎండు మెత్తళ్ల చేపల వాసన. ఆ మూడూ కలిసిన గాలి తగిలితే ఇల్లు దగ్గరపడిందని కళ్లు మూసుకుని చెప్పగలను. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, అందులోకి పచ్చి ఉల్లిపాయ. ఆదివారం మాత్రం మెత్తళ్ల పులుసు. గుడికి, అంటే మా చర్చికి, వెళ్లే ముందు అమ్మ దాన్ని పొయ్యి మీద సన్నసెగన పెట్టేది. ప్రసంగం పొడుగైతే పులుసు చిక్కబడేది. మా ఇంట్లో పాస్టరు అయ్యగారి ప్రసంగం ఎలా ఉందో పులుసు చూసి చెప్పుకునేవాళ్లం.

నాన్న పాయింట్స్‌మన్. రేవు పక్కనే ఒక గోదాముల కంపెనీ యార్డు ఉండేది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఆ పట్టాలూ లేవు. వ్యాగన్లు ఏ దారిలోకి వెళ్లాలో ఆ దారికి పాయింటు మార్చి, తాళం వేసి, పచ్చజెండా చూపించడం ఆయన పని. పాయింటులో కదిలేది రెండు సన్నటి పట్టాలు. కొస వైపు కత్తిలా పలచబడి ఉంటాయి. యార్డులో వాటిని టంగులు అనేవారు. ఆ కొస వెళ్లి పెద్ద పట్టాకి సందు లేకుండా ఆనాలి. ఆనకపోతే చక్రం ఆ సందులో దూరి వ్యాగను పడిపోతుంది. తక్కినవాళ్లు లివరు లాగి, చప్పుడు విని జెండా ఎత్తేసేవారు. నాన్న మాత్రం వంగి బొటనవేలు పెట్టి చూసేవాడు. వేలికి సందు తగలకపోతేనే జెండా. ఈ అలవాటు ఇంటికీ తెచ్చాడు. తలుపేసినా, పెట్టె మూసినా అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చేవాడు. మా అమ్మ నవ్వేది: "ఇదేటి, అంబలి కుండ మూతకి కూడా వేలెట్టి సూత్తావా? ఎల్లిపోదులే రైలు."

ఒక వానాకాలం పొద్దున నాన్న పాయింటు మీద నిండు వ్యాగను ఒకటి పడిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, దేవునికి స్తోత్రం. కాని రెండు రోజులు యార్డు ఆగిపోయింది. టంగు ఆనలేదు, సరిగా చూడకుండా జెండా ఎత్తాడు అన్నారు. నాన్నని పనిలోంచి ఆపేశారు.

"వేలెట్టి సూసినాను," అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి ఎవరేం అడిగినా ఆయన జవాబు ఆ ఒక్క ముక్కే.

నెల తిరక్కుండా నాన్నతో పనిచేసే మావయ్య ఒక కాగితం పట్టుకొచ్చాడు. మా చుట్టం కాదు. అనకాపల్లి అవతల వ్యవసాయం ఒదిలి యార్డుకి వచ్చినవాడు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు గనక నాకు మావయ్య.

"సంతకం ఎట్టీ బావా," అన్నాడు, గడప మీద కూర్చుంటూ. "'నా పొరపాటే, ఇంకోసారి జరగదు' అని రాసుంది. అంతే. వచ్చే నెల డ్యూటీకి ఎల్లిపోవచ్చు. నాను మాటాడీసినాను."

"పొరపాటు నాది కాదు బావా."

"కాదని నాకూ తెలుసు. కాయితానికి తెలుసేటి? ఒక గీత గీసీ. పిల్లున్నాది ఇంట్లో."

"ఆ పిల్లకే సెప్పాల గదా రేపు, నాన్న ఏటని సంతకం ఎట్టినాడో."

మావయ్య నా వైపు చూసి, చేతులెత్తి నాన్నకి దండం పెట్టి, అమ్మ ఇచ్చిన అంబలి తాగి వెళ్లిపోయాడు. కాగితం మాత్రం గూట్లో పెట్టి వెళ్లాడు. అది అక్కడే ఉంది చాలాకాలం, దీపం మసి పట్టి.

మా గుడి సంఘంలో మాట ఇంకోలా నడిచింది. మా సంఘపెద్ద పొడుగాటి మనిషి. ఇస్త్రీ పంచె, చేతిలో నల్లగొడుగు, నోట్లో ఎప్పుడూ వాక్యం. చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే ఇంటికొచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. కాని కష్టం వచ్చిన ఇంట్లో ఏదో పాపం దాగి ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. ప్రతి ఆదివారం ప్రార్థనలో "ఒప్పుకోలు లేని హృదయాన్ని కరిగించు తండ్రీ" అనేవాడు. పేరు ఎత్తడు. అందరి కళ్లూ మూసుకునే ఉంటాయి. అయినా ఆ మాట వచ్చినప్పుడు మా చాప చుట్టూ ఖాళీ పెరిగినట్టు ఉండేది. మా అమ్మ మాత్రం వండిన ప్రతిపూటా దేవునికి తీసిపెట్టే పిడికెడు బియ్యం ఒక్క గింజ తగ్గించలేదు. జీతం లేని ఇంట్లోంచి నిండు డబ్బా తెచ్చి, అందరూ చూసేలా గుడి బస్తాలో వొంచేది.

విచారణకి నాన్న రెండుసార్లు వెళ్లాడు. రెండోసారి, టంగు ఎలా ఆనుతుందో చేతులతో చూపించబోతే అక్కడి అధికారి విసుక్కున్నాడట. "గాల్లో గీతలు గియ్యకు. యార్డుని ఈ గదిలోకి తెచ్చి చూపించగలవా?" అన్నాడట.

"తెత్తాను," అని వచ్చేశాడు నాన్న.

మా గుడిలో ఒక బొమ్మరైలు ఉండేది. క్రిస్మస్‌కి రేవులో ఆగిన ఏదో ఓడ నుంచి ఒక నావికుడు మా ఆరాధనకి వచ్చి, ఆదివారపు బడి పిల్లలకని ఇచ్చి వెళ్లాడు. తాళంచెవి తిప్పితే నడిచే ఇంజను, మూడు వ్యాగన్లు, గుండ్రటి పట్టా. దాని పాయింటు ఎప్పుడో విరిగిపోయింది. అయ్యగారిని అడిగి నాన్న ఆ రైలు ఇంటికి తెచ్చాడు. దాని పట్టాల మధ్య దూరం కొలిచాడు. యార్డు పట్టాల మధ్య దూరం ఆయనకి కంఠతా వచ్చు. బొమ్మది అసలుదానిలో నూరో వంతు.

"నూరు గొర్రెల్లో ఒకటి, గుంటా," అన్నాడు నాతో, బైబిల్లోని తప్పిపోయిన గొర్రె కథ తలుచుకుని. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. "తొంభై తొమ్మిదీ ఒదిలీసి ఈ ఒక్కదాని ఎనకాల ఎల్దాం."

ఇంక ప్రతి కొలతా నూరుతో భాగించడమే. పాయింటు మధ్యలో చక్రం అంచు దూరి పోవడానికి ఒక కాలవ ఉంటుంది. యార్డులో అది మూడు వేళ్ల వెడల్పు. నూరో వంతంటే మందపాటి పోస్టుకార్డు దూరేంత సందు. నాన్న నిజంగానే పోస్టుకార్డు ముక్క పెట్టి కొలిచేవాడు.

పట్టాలకి ఇనుము కావాలి. నాన్న ఇల్లంతా వెతికి, మూల నిలబెట్టిన అమ్మ గొడుగు దగ్గర ఆగాడు.

"ఓలమ్మో! గొడుగు ఇరిసీసి రైలు సేత్తావేటి? ఎక్కి ఎక్కడికెల్తావు?" అంది అమ్మ. అని, నాన్న మొహం చూసి, తనే గుడ్డ విప్పి ఊచలు చేతికిచ్చింది. ఆ వానాకాలమంతా అమ్మ గోనెసంచి మడిచి కొప్పెరలా తలమీద వేసుకుని గుడికి వచ్చింది. వసారాలో దాన్ని దులిపి, గొడుగుల పక్కనే, మంచి గొడుగుని పెట్టినట్టు పెట్టేది.

మా గుమ్మంలో వెలుతురు పడేచోట పని. నాన్న ఆకురాయి పెట్టి రాస్తే నేను ఊచ కదలకుండా పట్టుకునేదాన్ని. ఇనుప పొడి గోళ్లలో దూరి, అన్నం తింటే తుప్పు రుచి తగిలేది. తరవాత ఆకురాయి నా చేతికే ఇచ్చాడు. నావి సన్నటి వేళ్లు, కొస దగ్గరికి బాగా అందేవి. పట్టాల కింది దిమ్మలకి సరుగుడు పుల్లలు చీల్చి, చిన్న చిన్న మేకులు దిగేసి, మేకు తలకీ ఊచకీ టంకం పెట్టడం. ఆ టంకం పెట్టడం నేర్పింది పాత ఊరు సాయిబుగారు. సైకిలు మీద వీధి వీధి తిరిగి గొడుగులు, స్టవ్వులు బాగుచేసేవాడు. నా మోచేతి మీద ఇప్పటికీ కాలిన మచ్చ ఉంది. మా అమ్మాయి దాన్ని దాచుకోమని పెళ్లిళ్లకి పొడుగు చేతుల రవికలు కుట్టించింది. నేను తొడగలేదు.

అన్నీ కుదిరాయి, టంగులు తప్ప. కొస పలచన చేసేసరికి అమ్మ గొడుగు ఊచ వంగిపోయేది. ఒకటి, రెండు, ఐదు పాడయ్యాయి. సాయిబుగారు ఒక ముక్క చేతిలో తిప్పి చూశాడు.

"ఈ ఊస మెత్తన బేటీ. వంగితే అలగే ఉండిపోద్ది. మీ నాయన పనికి పాతకాలం ఊస కావాల. మొన్న మీ సర్చీ పెద్దాయన గొడుగు బాగుసేసినాను. అదీ ఊసంటే! వంచి ఒదిలితే టంగుమని నిలబడ్డాది."

ఆయన మామూలుగా అన్నాడు. నేను మామూలుగా వినలేదు.

మా గుడిలో చెప్పులూ గొడుగులూ వసారాలో వదలాలి. సంఘపెద్ద ప్రార్థన మొదలుపెడితే దేశం, అధికారులు, రైతులు, ఓడల మీద ఉన్నవాళ్లు, విధవరాళ్లు, రోగులు, ఈ వరసలో అందరూ అయ్యేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. ఆ వరస నాకు బట్టీ వచ్చు. దేశం దగ్గర లేచాను. ఓడల వాళ్ల దగ్గర ఊచ కొక్కెం విప్పాను. సాయిబుగారు విప్పుతుంటే ఎన్నిసార్లు చూడలేదు! ఊచని గౌను లోపల దోపుకుని వచ్చి రోగుల దగ్గరికల్లా చాప మీద మోకరించాను. "ఒప్పుకోలు లేని హృదయాన్ని కరిగించు" అన్నప్పుడు అందరితో పాటు నేనూ గట్టిగా ఆమెన్ అన్నాను.

సాయిబుగారు ఇచ్చాడని నాన్నతో అబద్ధం చెప్పాను. ఆ ఒక్క ఊచలో రెండు టంగులూ వచ్చాయి. మూడు మధ్యాహ్నాలు రాశాను. మంగలికత్తి అంచంత పలచగా వచ్చింది. నాన్న బిగించి, అటు తోసి, ఇటు తోసి, బొటనవేలు పెట్టి చూశాడు. తరవాత నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. సందు లేదు. "నా కంటే నీ సెయ్యే మంచిది, గుంటా," అన్నాడు. బైబిల్లో ఆరాధన గుడారం కట్టడానికి దేవుడు పనివాళ్ల చేతుల్లో నేర్పు పెట్టిన సంగతి ఆదివారపు బడిలో విన్నాను. ఆ రోజు నా చేతుల వైపు చూసుకుని అదే తలుచుకున్నాను, ఆ చేతులే దొంగిలించాయని తెలిసి కూడా.

బుధవారం వాన పడింది. ఉపవాస ప్రార్థనకి సంఘపెద్ద గొడుగు వేసుకుని మా వీధిలో వెళుతున్నాడు. ఒక పక్క గుడ్డ రెక్క విరిగిన కాకిలా వేలాడుతోంది. నీళ్లు ఆయన భుజం మీదే పడుతున్నాయి. గుమ్మంలో ఉన్న నాన్న గొడుగుని చూశాడు. పాయింటుని చూశాడు. నన్ను చూశాడు.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆదివారం లెగిసి సెప్పు. అందరి ముందర."

"అందరూ నవ్వుతారు నాన్నా. నిన్ను కూడా అంటారు."

"అననీ. సేసిన తప్పు ఒప్పుకోకపోతే ఎంత పాపమో, సెయ్యని తప్పు ఒప్పుకుంటే అంత పాపం. రెండూ అబద్ధసాక్ష్యమే. నీది నువ్వు సెప్పు. నాది కానిది నాను సెప్పను."

ఇన్నేళ్లలో ఎందరో దైవసేవకుల ప్రసంగాలు విన్నాను. వాక్యం నేనూ నలుగురికీ చెబుతాను. ఒప్పుకోలు గురించి అంతకంటే సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. "ప్రభువుకి స్తోత్రం. సంఘపెద్దగారి గొడుగు ఊస నాను దొంగిలించినాను. ప్రార్థనలో కళ్లు తెరిసినాను. దేవుడూ మీరూ క్షమించాల," అన్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు. బదులు ఊచ వేయిస్తామని, లేదంటే కొత్త గొడుగు కొనిస్తామని నాన్న లేచి చెప్పాడు.

సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. "కూతురు ఒప్పుకుంది. తండ్రికి ఇంకా నోరు రాలేదు," అన్నాడు. "ఊచ నాకొద్దు సహోదరుడా. దానితో ఏం చేశావో చూపించు. అందరం చూస్తాం."

అప్పటికప్పుడు ఇంటికి పరిగెత్తి పాయింటూ, రైలూ, పట్టాలూ తెచ్చాను. అప్పటిదాకా దాని మీద రైలు నడిపి చూడలేదు. అయ్యగారు చాపలు పక్కకి లాగించారు. గచ్చు మీద పట్టా పరిచి మధ్యలో పాయింటు కలిపాం. నాన్న వేలు పెట్టి చూసి తల ఊపాడు. నేను తాళంచెవి తిప్పి ఇంజను వదిలాను. జరజరమంటూ వచ్చింది. టంగు దాటింది. మధ్య కాలవలోకి వచ్చేసరికి ఎగిరి పక్కకి పడి, చక్రాలు గాల్లో తిరుగుతూ ఉండిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే పడింది.

"పెద్దదాని మీదా పడింది, చిన్నదాని మీదా పడింది," అన్నాడు సంఘపెద్ద మెల్లగా. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకి గుడంతా అయింది. అమ్మ మాత్రం గోనెసంచి ఒళ్లో పెట్టుకుని తలెత్తుకునే కూర్చుంది.

నాన్న ఇంజను తీసి తిరగేశాడు. చాలాసేపు చూశాడు. చక్రానికి లోపలి వైపు ఒక గట్టు ఉంటుంది, చక్రం పట్టా మీంచి జారకుండా పట్టేది అదే. బొమ్మ ఇంజనుకి ఆ గట్టు లావుగా ఉంది, చిన్నపిల్లలు ఎలా పెట్టినా పడిపోకూడదని. అసలుదానిలో నూరో వంతు కాదు, అంతకి మూడింతలు. పోస్టుకార్డు దూరే సందులో అది పట్టదు. నాన్న ఒక్కో కొలతా యార్డు నుంచి తెచ్చాడు. బొమ్మ చక్రం యార్డుది కాదని ఆయనకి తట్టలేదు. పట్టాలతో బతికినవాడు చేసే పొరపాటు అది.

"దానికేటి బావా," అన్నాడు మావయ్య ఆ సాయంత్రం. "ఆ కాలవ కాసింత రాసీసి పెద్దది సెయ్యి. రైలు సుబ్బరంగా ఎల్లిపోద్ది. విచారణలో సూపించీ."

"తప్పు సక్రంలో ఉంటే పాయింటు రాయమంటావేటి?"

"రైలు ఎల్తే నీ ఉద్యోగం నిలబడ్తాది. పడితే మరేటి నిలబడ్తాది?"

నాన్న లేచాడు. ఆకురాయిని గుడ్డలో చుట్టి అమ్మకిచ్చి దాచెయ్యమన్నాడు. తనకే నమ్మకం చాలక దాయించాడేమో. ఆ మాట నేను పెద్దయ్యాక గాని ఆలోచించలేదు.

విచారణ గది బయట ఆ రోజు మావయ్యే నిలబడ్డాడు. తిరిగొచ్చి మాకు చెబుతూ నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు.

"అంతమంది ఆఫీసర్లు! ఈయన బల్లమీద పట్టా పరిసి, తాళం తిప్పి, ఒదిలినాడమ్మా. పడిపోనాది! ఆల్లు పగలబడి నవ్వినారు. ఈయనకి సీమ కుట్టినట్టు కూడా నేదు. 'నవ్వడం అయిపోతే ఈ సక్రం సూడండి బాబూ. పాయింటు సందులో ఏలెట్టి సూడండి. పాయింటు బాగుంది, సక్రం బాగోలేదు. పడింది. ఆ రోజు పడిన వ్యాగను సక్రం మీలో ఎవరు సూసినారు?' అన్నాడు. అంతే."

ఎవరూ చూడలేదు. ఆ వ్యాగనుకి మర్నాడే చక్రాలు మార్పించి పంపేశారు. ఆ చక్రం గట్టు అరిగిపోయి ఉందో లేదో ఇక తేల్చగలిగేవాళ్లు లేరు. తప్పు రుజువు కాలేదని రాశారు, తప్పు లేదని మాత్రం రాయలేదు. నాన్నని తిరిగి తీసుకున్నారు గాని పాయింట్ల దగ్గరికి రానివ్వలేదు. యార్డు బయటి గేటు దగ్గర, తక్కువ జీతానికి కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా ఇంకో పాయింటు మీద ఆయన బొటనవేలు పెట్టలేదు. నా చదువు ఏడాది ఆగింది. అమ్మకి కొత్త గొడుగు వచ్చేసరికి మళ్లీ మళ్లీ వానలు వచ్చి వెళ్లాయి.

కాగితం మీద సంతకం మాత్రం పడలేదు. గూట్లోంచి తీసి ఒకరోజు అమ్మ దాంతోనే పొయ్యి ముట్టించింది. ఆ పులుసు అంత రుచి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

సంఘపెద్ద ఆ గొడుగుని బాగుచేయించుకోలేదు. సాయిబుగారు ఊరికే చేస్తానన్నా ఇవ్వలేదట. ఒక పక్క వేలాడే గొడుగుతోనే, ఎడమ భుజం తడుస్తూ, ఎన్నో ఏళ్లు మా వీధిలో నడిచాడు. అది నా పాపానికి గురుతుగానో, తన మాటకి గురుతుగానో నాకు తెలియదు. నాన్న చనిపోయిన రోజు వానలో అదే గొడుగుతో వచ్చాడు. శవపెట్టె దగ్గర మోకరించి ప్రార్థన చేశాడు. ఒప్పుకోలు లేని హృదయం మాట ఎత్తలేదు. అది కూడా ఒక ఒప్పుకోలే అనుకున్నాను. ఆయన్ని నేను క్షమించాను. కాని ఆ ఆదివారం గుడిలో నవ్విన నవ్వు తప్పేనని ఇప్పటికీ అంటాను, సంఘం మధ్యలో నిలబడి అంటాను.

మనవడు అడిగిన తరవాతి ఆదివారం పాయింటుని దుప్పటి ముక్కలో చుట్టుకుని సీతమ్మధార వెళ్లాను. పైన రాసినదంతా మనవడికి చెప్పాను. వాడు మధ్యలో ఒక్కసారి కూడా ఫోను చూడలేదు. పాయింటుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, ఏదో పరికరంతో సందులు కొలిచాడు. పెదవులు కదిపి లెక్క వేసుకున్నాడు.

"అమ్మమ్మా, అప్పటి బొమ్మలకి చక్రాలు మోటుగా ఉండేవి. ఇప్పుడు సన్నగా చేస్తన్నారు, అసలు రైలుకి దగ్గరగా. ఉండు."

తన కొత్త వ్యాగను తెచ్చాడు. పాయింటుని గచ్చు మీద తన పట్టాలకి ఆనించి, వ్యాగనుని చూపుడువేలితో నెమ్మదిగా తోశాడు. టంగు దాటింది. కాలవ దగ్గరికి వచ్చింది. చిన్న టిక్కుమన్న చప్పుడు. అంతే, అవతలికి వెళ్లిపోయింది. పాయింటు మార్చి పక్క దారిలోకి తోశాడు. అటూ వెళ్లింది. బరువు కోసం ఇంజను పెట్టి తోశాడు. అదీ వెళ్లింది. పది సార్లు తోశాడు. ఒక్కసారీ పడలేదు.

కొన్న పాయింటుని మెల్లగా అట్టపెట్టెలో పెట్టేశాడు. ఎంతయిందని మళ్లీ అడగలేదు.

నేను గచ్చు మీద కూర్చున్నాను. మోకాళ్లు ఒప్పుకోకపోయినా వంగి, సంఘపెద్ద గొడుగు ఊచతో నేను రాసిన టంగుని పట్టాకి ఆనించి, బొటనవేలు పెట్టి చూశాను.

సందు లేదు. ఆ రోజూ లేదు.